అశోకుడూ ఒక గ్రీన్ ట్యాగూ

నేను పైకి ఎక్కలే. ముందుగాల ఆ ముక్క చెప్పి, తర్వాత మిగతాది చెప్త. ఎందుకంటే ఆ ఒక్క ముక్క నోట్లకెళ్లి బయటికి రావడానికి నాకు ఐదు రోజులు పట్టింది. ఇప్పుడు సుత దాన్ని చివరికి పెడితే మళ్ల మింగుతనేమో అని భయం.

ఖతర్‌ల నాది స్కాఫోల్డింగ్ పని. ఇనుప పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, పైన పలకలు పరిచి, వేరేటోళ్లు నిలబడి పని చేసుకునేటట్టు అంతస్తులు అంతస్తులుగ కడతం. కట్టుడు అయినంక చార్జ్‌హ్యాండ్ అనేటోడు ఎక్కి, ప్రతి పలకా తొక్కి చూసి, అన్నీ మంచిగుంటే నిచ్చెన దగ్గర గ్రీన్ ట్యాగు తగిలియ్యాలె. గ్రీన్ ఉంటే పెయింటరైనా ప్లంబరైనా కండ్లు మూసుకొని ఎక్కుతడు. రెడ్ ఉంటే ఎవ్వడూ కాలు పెట్టడు. ఆ చార్జ్‌హ్యాండ్‌ను నేనే. ఎనిమిదేండ్లు పైపులు మోసి, భుజాలు కాయలు కాసినంక ఇచ్చిన్రు ఆ పోస్టు. మా ఊరు జగిత్యాల దిక్కు. ఫోన్ల చెప్పంగనే మా అమ్మ "మావోడు దుబాయ్‌ల సూపర్‌వైజర్ అయిండు" అని వాడంతా చెప్పుకున్నది. దుబాయ్ కాదే, ఖతర్ అంటే "రెండూ ఒక్కటే గదరా" అంటది. సూపర్‌వైజర్ కాదే అని మాత్రం నేను ఎన్నడూ అనలే.

నా రాత కోడి గీకినట్టుంటది. అందుకే మా గ్యాంగుల ఒక పద్ధతి పడ్డది. చూసుడు నాది, రాసుడు లంకాయనది. ఆయన శ్రీలంక మనిషి, నాకన్న నాలుగేండ్లు పెద్ద. ఇంగ్లీషు అక్షరాలు పేర్చినట్టు రాస్తడు గని, ఆ భాషల నాలుగు ముక్కలు మాట్లాడుమంటే నోరు పెగలదు, చదివితే అర్థం కాదు. మాకిద్దరికీ నడిచేది క్యాంపుల నేర్చుకున్న హిందీ. ట్యాగు మీద తేదీ, పేరు, సంతకం అన్నీ ఆయనవే. సంతకం పెట్టాల్సింది నేను, పెడుతున్నది ఆయన అని గ్యాంగుల అందరికీ ఎరుకే. పని నడుస్తున్నది గదా అని ఎవ్వరూ పట్టించుకోలే.

జూన్ నెల, ఆదివారం. ఎండకాలం రూలు ప్రకారం పొద్దుగాల పది కొడితే బయటి పని బంద్, మళ్ల మూడున్నరకు షురూ. పది కావడానికి ఇంకో పది నిమిషాలుంది. అంగి పిండితే నీళ్లు కారేటట్టున్నది. మా పక్కూరి పెయింటర్ ఒకడు, ముప్పై ఏండ్లోడు, కంపెనీల నేనే పెట్టిచ్చిన, నాకు తమ్ముని లెక్క, నా పక్కనే నిలబడి ఒకటే సతాయించుడు. "అన్నా, స్టేజి ఎప్పుడిస్తవే? మూడున్నరకు నేను ఎక్కాలె. మా ఫోర్‌మన్ నన్ను తింటుండు." మావోళ్లు మూడో అంతస్తుల పలకలు పరిచి అప్పుడే దిగిన్రు. ఎక్కి దిగాలంటే పావుగంట. నేను మెడ ఎత్తి చూసిన, ఎండకు కండ్లు నిలువలే.

"అంతా ఓకే భాయ్, పెట్టేయ్ గ్రీన్" అని లంకాయనకు ఒర్రిన.

ఆయన ఒకసారి పైకి చూసిండు, ఒకసారి నా దిక్కు చూసిండు. "పక్కా?" అన్నడు.

"పక్కా. యల్లా, జల్ది, పది కొడుతున్నది" అన్న. రాసిండు, తగిలిచ్చిండు.

మధ్యాహ్నం పని మొదలై పది నిమిషాలు కూడా కాలే. పైన పలక లేచిన చప్పుడు అయింది. దాని ఒక కొస కట్టలే. పెయింటు డబ్బాతోని సహా తమ్ముడు కింది అంతస్తు పైపుల మీద పడ్డడు. తొడ బొక్క విరిగింది, నడుముకు దెబ్బ తాకింది. మొకం నిండ తెల్ల పెయింటు, "అమ్మా, అమ్మా" అని ఒకటే ఏడుపు. అంబులెన్సు వచ్చింది, పానం ఉంది అన్నరు. పానం ఉందని తెలిసినంక నా చూపు ముందుగాల ఎటు పోయిందో చెప్తే మీరు ఉమ్మేస్తరు. నిచ్చెన దగ్గరి ట్యాగు మీదికి పోయింది. దాని మీద నా పేరు లేదు. హమ్మయ్య అనుకున్న. థూ, ఏం బతుకు!

తెల్లారి సేఫ్టీ ఆఫీసర్ దవాఖానకు పోతుంటే నన్ను సుత ఎక్కించుకున్నడు, భాష కోసం. ఈజిప్టు మనిషి, మర్యాదస్థుడు, పెద్దగొంతు చెయ్యడు. తమ్ముడు కాలుకు బరువు కట్టించుకొని పండుకొని ఉన్నడు. ట్యాగు ఎవరు పెట్టిన్రు అని ఆఫీసర్ అడిగిండు, నేను తెలుగుల అడిగిన. వాడు నా మొకం చూసుకుంట "లంకోడు పెట్టిండన్నా" అన్నడు. అదే మాటను ఇంగ్లీషుల చెప్పిన. అబద్ధం కాదు గదా, పెట్టింది ఆయనే గదా. మనసుకు అట్ల చెప్పుకున్న. ఆఫీసర్ రాసుకొని, శుక్రవారం ఆ మనిషిని ఆఫీసుకు తీసుకరమ్మన్నడు. శనివారం రిపోర్టు పోవాలెనట, తప్పు ఎవరిదైతే వాళ్లు ఇంటికి పోవుడే అన్నడు.

బర్వా అల్ బరాహా క్యాంపుల మా రూంల నలుగురం తెలుగోళ్లమే. ఆ నాలుగు రోజులు రూంల ఇంకో ముచ్చట లేదు. "మనోని కాలు తీసిండురా లంకోడు", "కండ్లు నెత్తికెక్కి పెట్టిండు ట్యాగు", "టికెట్ కొట్టి పంపాలె". ఒకడైతే నా దిక్కు తిరిగి, "అన్నా, నువ్వు చార్జ్‌హ్యాండ్‌వు, నువ్వు గట్టిగ చెప్తే ఆఫీసర్ వింటడు" అన్నడు. నేను చపాతీ నములుకుంట "చూద్దాం" అన్న. మెస్సుల లంకాయన ప్లేటు పట్టుకొని వచ్చి కూసుంటే మావోళ్లు లేచి వేరే బల్లకు పోయిన్రు. నేను సుత లేచిన. లేవకపోతే అనుమానం వస్తదని లేచిన.

బుధవారం పదిన్నరకు, రెస్టు షెడ్డుల అందరు పడుకొని ఉంటే, లంకాయన వచ్చి నా పక్కన కూసున్నడు. కోపం లేదు, గొంతు మాత్రం పొడిగ ఉన్నది.

"శుక్రవారం మాకు పొసోన్ పున్నమి భాయ్" అన్నడు. "ఆ రోజు నేను సిల్ తీసుకుంట, వ్రతం లెక్క. తెల్ల బట్టలు కడత, పన్నెండు దాటినంక ముద్ద ముట్టను, అబద్ధం ఆడను."

ఆ చివరి మాట నా కోసమే అన్నడని సమజైంది. పైకి మాత్రం "ఏం పండుగ అది?" అన్న, ఏదో తెల్వనట్టు.

"మీ రాజు కొడుకు మా దేశానికి వచ్చిన రోజు. అశోకుని కొడుకు."

"అశోకుడా? చెట్లు నాటించినోడు గదా" అన్న. మీరు నవ్వుతరు గని, నాకు వచ్చింది అంతే. బడిల ఏ పరీక్షల అశోకుడు వచ్చినా "అశోకుడు రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించెను, బావులు తవ్వించెను" అని రాసేటోళ్లం. సారు మార్కులు వేసేటోడు. అంతటితో మాకు అశోకుడు ఖతం.

ఆయన నా దిక్కు విచిత్రంగ చూసిండు. "చెట్లేనా? మీ రాజు భాయ్ ఆయన! ముందు మహా కోపిష్టి. ఒక యుద్ధం గెలిచి, సచ్చినోళ్లను చూసి, నేను చేసింది తప్పు అన్నడు. గెలిచినోడు తప్పు అన్నడు, ఓడినోడు కాదు. తర్వాత మనుషులకు మందులు, పశువులకు మందులు, వేట బంద్. కన్న కొడుకుకు గుండు చేపించి మా దేశానికి పంపిండు, ఆ వెనుక బిడ్డ బోధి చెట్టు కొమ్మ పట్టుకొని పడవ ఎక్కి వచ్చింది. ఆ చెట్టు మా ఊరికి బస్సుల గంట దూరం. మా అమ్మ బుద్ధుని ముందు పువ్వు పెడుతున్నదంటే, నేను అబద్ధమాడితే నా చెవు మెలి పెట్టిందంటే, అదంతా ఆ రాజు ఒక్కడు తప్పు ఒప్పుకున్నందుకు. రాజు ఎట్లుంటే కింద అందరూ అట్లనే ఉంటరు భాయ్."

నా దిక్కు ఇంకింత జరిగిండు. "శుక్రవారం నన్ను అడుగుతరు. నేను ఉన్నది చెప్త. అంతకన్న ముందు నువ్వే చెప్తే మంచిగుంటది."

నాకు కోపం నషాళానికెక్కింది. "బెదిరిస్తున్నవా? సంతకం ఎవరిది? నిన్ను ఎవడు పెట్టుమన్నడు?" అని లేచిన. పడుకున్నోళ్లు ఇద్దరు తల ఎత్తి చూసిన్రు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. ఆయన హెల్మెట్ చేతికి తీసుకున్నడు. "బిడ్డ నర్సు చదువు ఇంకో ఏడాది ఉంది" అని మాత్రం, నాతోని కాదు, తనతోని తను అనుకున్నట్టు అని లేచి పోయిండు.

గురువారం సాయంత్రం రూంల కూసోబుద్ధి కాలే. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ల నాకొక దోస్తు ఉన్నడు, కర్నూలు జిల్లా పత్తికొండ దిక్కు మనిషి, అరబ్బాయన ఇంట్ల హౌస్ డ్రైవర్. బయటి గది ఒకటి ఇచ్చిన్రు ఆయనకు. ఛాయ్ పోసి, "ఏమప్పా, మొకం అట్ల పీక్కపోయినాది?" అన్నడు. సంగతి చెప్పలే. మా సైటుల ఒకడు, వాని తప్పు ఇంకొకని మీద పడుతున్నది, వాడు చెప్పాల్నా వద్దా అని తిప్పి తిప్పి అడిగిన. మధ్యల ఊరికెనే అశోకుని ముచ్చట తెచ్చిన.

"అశోకుడా? మా ఊరి పక్కన గుండ్ల మీద రాయించిండాడు ల్యా!" అన్నడు. "మేం సిన్నప్పుడు గొర్రెలు మేపుకుంటా ఆ అచ్చరాల మీదనే కూర్చొని సద్ది తినేటోళ్లం. ఏందో గీతలు అనుకుంటిమి. ఒకసారి పురావస్తు శాఖ సారు వచ్చి సదివి చెప్పినాడు. నేను యుద్ధం చేస్తిని, ఇంతమంది సచ్చిరి, నా మనసు కాలిపోయె అని రాయించినాడంట, అంతటి సక్రవర్తి! ఊరూరా మనుషుల్ని పెట్టి దాన్ని సదివించేటోడంట, సదువు రానోళ్లకు గూడా ఇనిపించాలని."

"అబ్బో, గొప్పోడే" అన్న.

"ఇంగొక మాట గూడా చెప్పినాడు ఆ సారు" అన్నడు. "ఆ ఏడుపు ముక్క అన్ని సోట్లా రాయించినాడంట గానీ, ఎవుర్నైతే సంపినాడో ఆ కళింగంలో మాత్రం రాయించలేదంట. ఆడ ఇంగేవో తియ్యటి మాటలు పెట్టినాడంట. మనిషే కదప్పా. తగిలినోని ఎదురుగ్గా చెప్పాలంటే రాజుకైనా నాలిక రాదు." ఛాయ్ గ్లాసు కింద పెట్టి నన్నే చూసిండు. "మీ సైటోడు మాత్రం చెప్పేస్తే నిద్రన్నా పడతాది." ఆయనకు సమజైందని నాకు సమజైంది. ఎక్కువసేపు కూసోలే, బస్సు ఉందని వచ్చేసిన.

శుక్రవారం పదకొండున్నరకు రమ్మన్నరు. లంకాయన తెల్ల అంగి, తెల్ల లుంగీ కట్టుకొని, చేతుల అన్నం డబ్బాతోని వచ్చిండు. పొద్దుగాల నాలుగింటికే ఫోన్ల వాళ్ల ఊరి భిక్షువు చెప్తుంటే సిల్ తీసుకున్నడట. ఆఫీసు బయట బెంచి మీద ఇద్దరం కూసున్నం. ఆఫీసర్ లోపల ఎవరితోనో మీటింగుల ఉన్నడు. పావు తక్కువ పన్నెండుకు ఆయన డబ్బా మూత తీయబోతుంటే, "ఇప్పుడే పిలుస్తరు, ఆగుండ్రి" అని లోపలి నుంచి ఒకడు చెప్పిండు. ఆగిండు. గోడ గడియారంల పన్నెండు దాటింది. మూత మళ్ల గట్టిగ నొక్కి, డబ్బా బెంచి కింద పెట్టిండు. అంటే తెల్లారిందాక ఇంక నీళ్లే. చెప్పాల్నంటే అదే సమయం, బెంచి మీద ఇద్దరమే ఉన్నం. చెప్పలే.

లోపల ఏసీ చలి. ఆఫీసర్ లాప్‌టాప్ ముందర పెట్టుకొని, ఏం జరిగిందో చెప్పమను అన్నడు. నేను హిందీల అడిగిన.

లంకాయన మెల్లగ, ఒక్కొక్క మాట ఏరి పెట్టినట్టు చెప్పిండు. "ట్యాగు రాసింది నేనే. పైకి ఎక్కి చూడలే. ఎక్కి చూడాల్సింది ఈ భాయ్, ఆయన సుత చూడలే. కింద నుంచి పెట్టుమన్నడు, పెట్టిన. అడిగిన గని, గట్టిగ అడగలే. నా తప్పు సుత ఉంది."

ఆఫీసర్ నా దిక్కు తిరిగిండు. ఎనిమిదేండ్ల పైపులు, మా అమ్మ, రూంల నలుగురు, అందరూ నా ముందరనే నిలబడ్డట్టున్నది. నోరు తెరిచిన. "సర్, హి సే, హి రైట్ ది ట్యాగ్. హి నాట్ గో అప్. హి సే, మిస్టేక్ ఈజ్ హిజ్."

చూసిన్రా? ఒక్క అబద్ధం లేదు. నడుమల ముక్క తీసేసిన, అంతే. నిన్న డ్రైవర్ చెప్పిన కళింగం రాయి లెక్కనే, అవసరమున్న మాటొక్కటే లేదు. టకటక టైపు చేసి, ప్రింటు తీసి, ఆఫీసర్ ఆ కాగితం లంకాయన ముందర పెట్టి పెన్ను ఇచ్చిండు.

లంకాయన పెన్ను పట్టుకొని సంతకం పెట్టలే. కాగితం దిక్కు సుత చూడలే. నా దిక్కు తిరిగి, "నేను చెప్పిందంతా ఉందా భాయ్ ఇందుల?" అన్నడు.

అవును అంటే అయిపోతది. ఒక్కక్షరం 'హా' చాలు. ఆయన కండ్లల్ల కోపం ఉంటే అనేటోన్నేమో. కోపం లేదు, ఆకలి ఉన్నది. పొద్దటి సంది ఏం తినని మనిషి, నేను అవునంటే నమ్మి సంతకం పెట్టి విమానం ఎక్కుతడు. ఆఫీసర్ "వాట్ హి సేయింగ్?" అన్నడు.

"వన్ మినిట్ సర్" అన్న. "ఐ నాట్ టెల్ ఆల్. హి సే, చార్జ్‌హ్యాండ్ టెల్ హిమ్ టు పుట్. చార్జ్‌హ్యాండ్ నాట్ గో అప్. చార్జ్‌హ్యాండ్ ఈజ్ మి, సర్."

ఆఫీసర్ కుర్చీల వెనుకకు ఆనుకున్నడు. "ఫైవ్ డేస్" అన్నడు, ఐదు వేళ్లు చూపించి. ఆ కాగితం చింపి, ఇంకోటి రాసిండు. ఈసారి కింద నా కోడిగీకుడు సంతకం పడ్డది. లంకాయనకు వార్నింగ్ లెటరు. నాకు అప్పటికప్పుడు చార్జ్‌హ్యాండ్ పని బంద్, ఇంటికి పంపుడు సంగతి సోమవారం చెప్తమన్నరు.

బయటికి వచ్చినంక ఆయన శుక్రియా అనలే, మాఫ్ చేసిన అని సుత అనలే. బెంచి కిందికెళ్లి అన్నం డబ్బా తీసుకున్నడు. "నాలుగు రోజులు నాతో ఒక్కడు అన్నం తినలే భాయ్" అన్నడు. అని ఎండల పడి పోయిండు.

రూంకు వచ్చి చెప్తే మావోళ్లు నోర్లు తెరిచిన్రు. తిడతరనుకున్న. "పిచ్చి లేసిందానే నీకు? లంకోని కోసం చేతులార నోట్ల మన్ను పోసుకుంటవా? సంతకం వానిదే గదా, ఊకుంటే అయిపోతుండె" అన్నరు. తిడితేనే మంచిగుంటుండె. తమ్ముని కాలు సంగతి ఆ మాటకు ఎవ్వరికీ యాదికి లేదు. నాలుగు రోజులు వాని పేరు చెప్పి కొట్లాడినోళ్లే.

ఇంక ఒక్క పని ఉన్నది, అన్నిటికన్న కష్టమైంది. సాయంత్రం బస్సు పట్టుకొని అల్ సద్ స్టాపుల దిగి, నాలుగు ఆపిల్ పండ్లు కొనుక్కొని, అక్కడి నుంచి దవాఖానకు పోయిన. తమ్ముడు నన్ను చూసి లేవబోయిండు, నడుము లేవలే. కాలుకు బరువు అట్లనే ఏలాడుతున్నది. భార్యతోని ఫోన్ల మాట్లాడుతున్నట్టున్నడు, "అన్న వచ్చిండు, మళ్ల చేస్త" అని పెట్టేసిండు. అన్న వచ్చిండు అని ఎంత సంబురంగ చెప్పిండో! నిలబడే చెప్పిన, కూసుంటే చెప్పలేనని.

"తమ్మీ, ఆ స్టేజి నేను ఎక్కి చూడలేరా. పెట్టుమన్నది నేనే. లంకాయన తప్పు కాదు, నీ కాలు నా వల్ల పోయింది. ఆఫీసుల సుత చెప్పేసిన."

వాడు పైన సీలింగు దిక్కు చూసుకుంట పండుకున్నడు. ఏడుస్తడనుకున్న, బూతులు తిడతడనుకున్న, తిట్టనీ అనుకున్న.

"ఎరుకే అన్నా" అన్నడు. "నీ పక్కనే ఉంటి గదా."

నిజమే. నా పక్కనే నిలబడి, స్టేజి ఇయ్యి స్టేజి ఇయ్యి అని సతాయించింది వాడే. నేను ఒర్రింది వాని చెవుల పక్కనే. ఐదు రోజులల్ల ఎవరెవరికి ఎరుకైతదో అని వంద లెక్కలు వేసిన గని, వీనికి ముందే ఎరుకన్న సంగతి నాకు ఒక్కసారి సుత తట్టలే.

"మరి ఆఫీసర్ అడిగితే లంకాయన పేరు చెప్పినవేందిరా?" అన్న.

వాడు అప్పుడు తల తిప్పి నన్ను చూసిండు.

"నీ పేరు చెప్పినా నువ్వు ఆయనకు చెప్పవనుకున్న అన్నా" అన్నడు.